తరతరాల పార్టీపై మనసు విరిగినప్పుడు: తెలుగు నేల కాంగ్రెస్ ఓటరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే పార్టీ 2014లో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ వారం తేడాతో పోలింగ్‌కు వెళ్లి రెండు చోట్లా ఓడింది. తర్వాత పదేళ్లలో ఒకచోట అధికారంలోకి వచ్చింది, రెండోచోట నోటా కంటే వెనకబడింది. తరతరాలుగా ఒకే గుర్తుకు ఓటేసిన ఇంట్లో మనసు ఎలా విరుగుతుంది, విరిగిన మనసు ఎప్పుడు అతుక్కుంటుంది, ఎప్పుడు అతుక్కోదు? దీన్ని అర్థం చేసుకోవడానికి కాంగ్రెస్ కంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదు. అందుకే ఎక్కువ ప్రశ్నలు ఆ పార్టీ చుట్టూనే తిరుగుతాయి. మిగతా పార్టీల ఓటర్ల సంగతి కూడా అక్కడక్కడా వస్తుంది.

సంప్రదాయ ఓటరు అని ఎవరిని అంటాం?

అభ్యర్థి ఎవరో తెలియకముందే ఎవరికి ఓటెయ్యాలో తెలిసినవాళ్లను. ఊళ్లో వీళ్లను "మొదట్నించీ కాంగ్రెస్ వాళ్లు", "పార్టీ పుట్టినప్పట్నించీ తెలుగుదేశం వాళ్లు" అని ఇళ్ల పేర్లతో సహా గుర్తుపడతారు. పోల్ చీటీ ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఆ ఇంటి ముందు ఎక్కువసేపు ఆగరు. మనవాళ్లేలే అనుకుని పక్క గుమ్మానికి వెళ్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. గెలిపించే ఓటు తటస్థుడిదని లెక్కేసి, అడగకుండానే పడే ఓటు గురించి పార్టీ ఆలోచించడం మానేస్తుంది.

కాంగ్రెస్‌పై ఇక్కడ అంత గురి ఎలా కుదిరింది?

స్వాతంత్ర్య పోరాటం పేరు ఒకటి. జోడెడ్ల గుర్తు, తర్వాత ఆవుదూడ, 1978 నుంచి హస్తం. గుర్తు మారినా ఓటు మారని ఇళ్లు లక్షల్లో ఉండేవి. బ్యాంకుల జాతీయీకరణ, భూసంస్కరణలు, పేదలకు ఇళ్ల స్థలాలు, వీటన్నిటినీ కలిపి జనం "ఇందిరమ్మ" అనే ఒక్క మాటలో పెట్టుకున్నారు. దళిత, గిరిజన, మైనారిటీ కుటుంబాల్లో ఈ గురి మరీ గట్టిది.

ఎంత గట్టిదంటే, ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాది అంతా ఇందిరను తిరస్కరించిన ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి ఒక్కరే గెలిచారు. మరుసటి ఏడాది పార్టీ చీలినా అసెంబ్లీలో 175 స్థానాలు ఇందిర వర్గానికే దక్కాయి. 1980లో ఆమె మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఈ ఫలితాలు చూసిన ఢిల్లీ నాయకత్వానికి ఆంధ్రప్రదేశ్ ఎక్కడికీ పోదనే ధీమా వచ్చింది. ఆ ధీమాకే తర్వాత రెండుసార్లు మూల్యం చెల్లించింది.

మరి ఆ ఓటరు మొదటిసారి ఎప్పుడు తిరగబడ్డాడు?

చాలామంది 1983 అంటారు. నేను 1971 నుంచి లెక్కపెడతాను. 1969 తెలంగాణ ఉద్యమం తర్వాత జరిగిన ఆ లోక్‌సభ ఎన్నికలో, దేశమంతా ఇందిర గాలి వీస్తుంటే, తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. ఓటరు అంత స్పష్టంగా మాట చెప్పాక, కొన్ని నెలలకే మర్రి చెన్నారెడ్డి ఆ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. కాంగ్రెస్‌పై కోపంతో వేసిన ఓటును తీసుకెళ్లి కాంగ్రెస్‌లోనే వేశారు. 2009లో ప్రజారాజ్యానికి ఓటేసిన వాళ్లు 2011లో పార్టీ విలీనం అయినప్పుడు పడ్డ బాధ కూడా ఇదే.

1983 సంగతి వేరు. అప్పుడు ఓటు వెళ్లిన చోటే నిలబడింది. 1978 నుంచి 1983 జనవరి వరకు నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. వీళ్లు మారడానికి కారణం అసెంబ్లీలో బలం తగ్గడం కాదు, ఢిల్లీలో దయ తగ్గడం. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ముఖ్యమంత్రి అంజయ్యను అందరి ముందూ కసురుకున్నారు. ఆ మరుసటి నెల 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పెట్టారు. తొమ్మిది నెలల్లో అధికారం. కాంగ్రెస్‌కు మిగిలినవి 60 స్థానాలు. కిలో రెండు రూపాయల బియ్యం హామీ బలంగా పనిచేసింది, నిజమే. కానీ కాంగ్రెస్ ఇళ్లలోనూ తలుపు తెరిచింది ఆత్మగౌరవం అనే మాట. తమ ఇంటి పెద్దను ఎవరో వచ్చి తిట్టిపోతే చూస్తూ ఊరుకోలేని బాధ అది.

అంత కోపంగా వెళ్లినవాళ్లు 1989లో ఎలా తిరిగొచ్చారు?

వాళ్లలో చాలామంది నిజానికి పూర్తిగా వెళ్లలేదు. 1983లో సీట్లు 60కి పడిపోయినా కాంగ్రెస్‌కు మూడోవంతు ఓట్లు వచ్చాయి. ప్రతి మండలంలో ఒక నాయకుడు మిగిలాడు. అధికారం పోయినా పోలీసుస్టేషన్‌కో, ఆసుపత్రికో తోడు వచ్చే మనిషి మిగిలాడు. ఎన్టీఆర్ పాలనపై కోపం పెరిగి, 1988 డిసెంబరులో వంగవీటి మోహనరంగా హత్యతో కోస్తా అట్టుడికి, 1989 మొదట్లో మంత్రులందరినీ ఆయన ఒక్కసారే తొలగించాక, కోపం వచ్చిన ఓటరుకు వెళ్లడానికి తెలిసిన చోటు ఒకటి ఉంది. కాంగ్రెస్‌కు 181, తెలుగుదేశానికి 74.

1994లోనూ ఇలాగే జరిగింది. కాంగ్రెస్ 26 సీట్లకు కుదించుకుపోయింది. కానీ ఓట్లు మళ్లీ మూడోవంతుకు తగ్గలేదు. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర చేస్తే నడిచిన ప్రతి ఊళ్లోనూ ఎదురొచ్చి దండ వెయ్యడానికి మనుషులున్నారు. 2004లో 185 సీట్లు ఆ మనుషుల వల్లే వచ్చాయి. సీట్లు పోవడం, ఓటరు పోవడం వేర్వేరు సంగతులు. తర్వాతి ప్రశ్నలకు ఇది గుర్తుపెట్టుకోండి.

2014లో ఆంధ్రలో కాంగ్రెస్ సున్నా కావడానికి విభజన ఒక్కటే కారణమా?

కాదు. ఈ జవాబు కాస్త పెద్దది.

2009లో కాంగ్రెస్‌కు దేశం మొత్తంలో 206 లోక్‌సభ స్థానాలొస్తే, అందులో 33 ఆంధ్రప్రదేశ్ ఇచ్చినవే. అదే ఏడాది సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. ఉచిత విద్యుత్, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ అందుకున్న ఇళ్లలో అప్పటికి కాంగ్రెస్ ఫొటో పక్కన ఆయన ఫొటో చేరింది. కొన్ని ఇళ్లలో ఆయన ఫొటో ఒక్కటే ఉంది. పార్టీకి ఈ తేడా అర్థం కాలేదు. ఆయన మరణవార్త విని చనిపోయినవారి కుటుంబాలను పరామర్శిస్తానన్న కొడుకు జగన్ ఓదార్పు యాత్రకు అధిష్ఠానం అడ్డుచెప్పింది. 2010 నవంబరు చివర్లో జగన్ పార్టీ వదిలారు. 2011 మేలో కడప ఉప ఎన్నికలో 5 లక్షల 45 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. 2012 జూన్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే కాంగ్రెస్‌కు దక్కినవి నరసాపురం, రామచంద్రపురం. ఆ రెండే.

విభజన నిర్ణయం కాంగ్రెస్ కార్యవర్గం తీసుకుంది 2013 జూలై 30న. అంటే అప్పటికే ఏడాది ముందు, రాష్ట్రం సమైక్యంగా ఉండగానే, సొంత ఓటరు పార్టీ నుంచి లేచి వెళ్లిపోయాడు.

విభజన చేసిన పనేమిటంటే, మిగిలినవాళ్లకు ఉండడానికి కారణం లేకుండా చేసింది. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఇస్తామని ఒక ప్రకటన, 23న దానికి విరుద్ధంగా ఇంకోటి. ఆ తర్వాత శ్రీకృష్ణ కమిటీ, నాలుగేళ్ల నాన్పుడు. చివరికి 2014 ఫిబ్రవరిలో లోక్‌సభలో పెప్పర్ స్ప్రే, మూసిన తలుపుల మధ్య బిల్లు. కాంగ్రెస్ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి సొంత పార్టీ నిర్ణయాన్ని అసెంబ్లీలో వ్యతిరేకించి, రాజీనామా చేసి, చెప్పుల గుర్తుతో వేరే పార్టీ పెట్టారు. సీమాంధ్రలో కాంగ్రెస్ అభిమాని ఆ రోజుల్లో టీ బడ్డీ దగ్గర ఏం మాట్లాడాలి? పార్టీ చేసింది తప్పంటే ఇంకా ఎందుకున్నావంటారు. ఒప్పంటే ఊరంతా మీదికొస్తుంది. తన పార్టీని నలుగురిలో సమర్థించుకునే మాట ఒక్కటీ దొరకని స్థితికి ఓటరును నెట్టడం కంటే పెద్ద ద్రోహం ఇంకోటి ఉండదని నేననుకుంటాను. 175 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. ఓట్లు 3 శాతం దాటలేదు.

ఆ ఓట్లన్నీ ఎటు వెళ్లాయి?

పెద్దభాగం వైఎస్సార్ కాంగ్రెస్‌కు. ఆ పార్టీ పేరులోనే వెళ్లినవాళ్లకు రెండు తెలిసిన మాటలున్నాయి. పథకాలు తెలిసినవే, మండలంలో కండువా కప్పుకున్న మనిషీ నిన్నటి కాంగ్రెస్ మనిషే. ఓటరు దృష్టిలో ఇది పార్టీ మారడం కిందికి రాదు. మేం మారలేదు, పార్టీయే ఇటొచ్చిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు.

కానీ అందరూ అటే వెళ్లారనుకోవడం పొరపాటు. జేసీ దివాకర్‌రెడ్డి, గంటా శ్రీనివాసరావు లాంటి నాయకులు తెలుగుదేశానికి వెళ్లారు, వాళ్లతో ఆ నియోజకవర్గాల ఓటూ కొంత వెళ్లింది. రాజధాని లేని రాష్ట్రానికి అనుభవం కావాలనుకున్న పట్టణ ఓటరు కూడా అటు చూశాడు.

తెలంగాణ ఇచ్చింది కదా, అక్కడెందుకు ఓడింది?

ఇచ్చిన తీరు వల్ల. 2009 డిసెంబరులో అన్న మాట నిలబెట్టుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. ఆ నాలుగేళ్లలో ఎందరో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి మరణమూ ఇస్తామన్న పార్టీ ఖాతాలోకే వెళ్లింది. తెచ్చిన పేరు టీఆర్ఎస్‌కు, ఆలస్యం చేసిన పేరు కాంగ్రెస్‌కు వచ్చాయి. ముఖ్యమంత్రి ఎవరో చెప్పలేకపోవడం ఇంకో లోటు. 119 స్థానాల్లో 21 వచ్చాయి, టీఆర్ఎస్‌కు 63. ఓటమే, కానీ రెండో స్థానం మిగిలింది. ఓటేసినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది చెయ్యి గుర్తు మీదే ఉన్నారు.

తెలంగాణలో 2023కి తిరిగొచ్చిన ఓటరు ఆంధ్రలో ఎందుకు రాలేదు?

నా అభిప్రాయంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. కోపం తీరడానికి పదేళ్లు చాలు. ఆంధ్రలోనూ విభజన కోపం చాలావరకు చల్లారింది. అయితే కోపం తీరినంత మాత్రాన ఓటరు తిరిగి రాడు. ఊళ్లో పార్టీ మనిషి ఇంకా ఉండాలి. ఆ పార్టీ ఇచ్చిన జ్ఞాపకాన్ని, మేలును వేరేవాళ్లు సొంతం చేసుకుని ఉండకూడదు.

తెలంగాణలో ఈ రెండూ కాంగ్రెస్‌కు అనుకూలం. 2018లో 19 మంది గెలిస్తే, వాళ్లలో 12 మంది 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఎమ్మెల్యే పోయినా ఊళ్లో కార్యకర్త చాలాచోట్ల కదల్లేదు. దుబ్బాక, హుజూరాబాద్ ఉప ఎన్నికలు, మధ్యలో గ్రేటర్ హైదరాబాద్, ఇవన్నీ చూసి రెండో స్థానం బీజేపీదేనని పండితులంతా తేల్చేశారు. హుజూరాబాద్‌లో కాంగ్రెస్‌కు వచ్చినవి మూడు వేల పైచిలుకు ఓట్లు. మునుగోడులో డిపాజిట్ దక్కలేదు. ఒక ఉప ఎన్నికను చూసి ఓటరు మనసు తేల్చేస్తే ఎంత మోసపోతామో ఇదే చెబుతుంది. ఇందిరమ్మ ఇల్లు అన్న మాటకు తెలంగాణలో వేరే వారసుడు లేడు. భట్టి విక్రమార్క పాదయాత్ర, రేవంత్‌రెడ్డి దూకుడు, 2023 మేలో కర్ణాటక గెలుపు, సెప్టెంబరులో తుక్కుగూడలో ఆరు గ్యారంటీలు. ఇవన్నీ పనిచేయడానికి కింద నేల మిగిలి ఉంది. 64 స్థానాలొచ్చాయి.

ఆంధ్రలో ఆ నేల వేరేవాళ్ల చేతిలో ఉంది. 2019లో నోటాకు వచ్చినన్ని ఓట్లు కూడా కాంగ్రెస్‌కు రాలేదు. 2024 జనవరిలో రాజశేఖరరెడ్డి కూతురు షర్మిల పీసీసీ అధ్యక్షురాలయ్యారు, కడప లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. రాష్ట్రంలో మళ్లీ ఒక్క సీటూ రాలేదు. వైఎస్ జ్ఞాపకం ఎవరిదన్న పోటీలో ఓటరు 2011లోనే ఒక పక్కన కూర్చున్నాడు. అక్కడ అలిగిన రోజున కాంగ్రెస్‌కు వస్తాడనుకుంటే, 2024లో అలిగినవాళ్లు ఎక్కువగా ఎన్డీఏ కూటమికి వెళ్లారు. ఓడించాలనుకున్నవాడు ఓడించగలిగే పార్టీనే వెతుక్కుంటాడు.

మా ఎమ్మెల్యేనే పార్టీ మారితే మా ఓటుకు విలువేముంది?

ఈ ప్రశ్న అన్ని పార్టీల ఓటర్లూ అడుగుతారు, అడగాలి కూడా. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ వదిలిన సభ్యుడి పదవి పోవాలి. 2003 సవరణతో మూడోవంతు చీలిక మినహాయింపు తీసేశారు. మూడింట రెండొంతుల మంది విలీనమైతే చెల్లుతుందన్న మినహాయింపు మిగిలింది. అనర్హత తేల్చేది స్పీకర్. ఆయన ఫలానా రోజుల్లో తేల్చాలన్న గడువు షెడ్యూల్లో రాయలేదు. ఆ సందులోంచే అందరూ దూరుతున్నారు. 2014 తర్వాత ఆంధ్రలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు, నలుగురు మంత్రులయ్యారు. తెలంగాణలో టీఆర్ఎస్ అదే చేసింది. అధికారం మారాక బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న అదే పార్టీ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు నడిచారు.

గెలిపించిన ఓటరుకు ఇందులో చెయ్యగలిగిందల్లా గుర్తుపెట్టుకోవడం. తెలుగుదేశానికి 2019లో సరిగ్గా 23 సీట్లే రావడం కాకతాళీయమే అయినా, జనం దాన్ని తీర్పుగానే చెప్పుకున్నారు.

పార్టీయే పోటీ చేయకపోతే దాని ఓటరు ఏమవుతాడు?

తెలంగాణలోని తెలుగుదేశం ఓటరును అడగండి. ఎన్టీఆర్ అభిమానం, పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు, బీసీలకు దక్కిన రాజకీయ చోటు, వీటితో కట్టుకున్న పార్టీ అది. 2014లో 15 సీట్లు గెలిచింది, అందులో ఎక్కువమంది రెండేళ్లలో టీఆర్ఎస్‌లో తేలారు. 2018లో పుట్టుకతో శత్రువైన కాంగ్రెస్‌తోనే పొత్తు పెట్టుకుంది. అలా గెలిచిన ఇద్దరూ తర్వాత టీఆర్ఎస్ గూటికి చేరారు. 2023లో పోటీకే దిగలేదు. ఈ ఓటరు పార్టీ మీద అలిగి వెళ్లినవాడు కాదు. నలభై ఏళ్లు జెండా మోసినవాళ్లకు ఒక్క మాట చెప్పకుండా ఎన్నిక నుంచి తప్పుకుంటే వాళ్లు దిక్కులేనివాళ్లవుతారు. వీళ్ల గురించి రాసేవాళ్లు చాలా తక్కువ.

ఎర్రజెండా ఓటర్ల సంగతి?

1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని దేశంలోనే అత్యధిక ఓట్లతో పార్లమెంటుకు పంపిన జిల్లా నల్లగొండ. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిన తర్వాత కూడా ఖమ్మం, నల్లగొండ, కృష్ణా జిల్లాల్లో ఎర్రజెండా ఇళ్లు నిలిచాయి. వాళ్లను అలసిపోయేలా చేసినవి మారుతూ వచ్చిన పొత్తులు. ఒకసారి తెలుగుదేశానికి, ఒకసారి కాంగ్రెస్‌కు, ఇంకోసారి టీఆర్ఎస్‌కు ఓటెయ్యమంటే, అలా వేసిన చెయ్యి మెల్లగా దానికే అలవాటుపడుతుంది. 2023లో కాంగ్రెస్ పొత్తుతో సీపీఐకి దక్కింది కొత్తగూడెం ఒక్కటే. భూపోరాటాల జ్ఞాపకం మీద మాత్రం వాళ్లకు విరక్తి రాలేదు.

ఎవరికీ వెయ్యబుద్ధి కాకపోతే నోటా నొక్కితే చాలా?

నోటా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. రహస్యంగా తిరస్కారం చెప్పే హక్కు అది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా, తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలిచినట్టు. కాబట్టి కోపం రికార్డు కావాలంటే నొక్కండి, ఫలితం మారుతుందనుకుని నొక్కొద్దు. ఇంట్లో కూర్చోవడం కంటే మేలే. ఇంట్లో కూర్చున్నవాళ్లను పార్టీలు బద్ధకస్తుల కింద రాసుకుంటాయి.

పథకాల డబ్బు వచ్చాక పార్టీ అభిమానం అనేది మిగిలిందా?

మిగిలింది, ఆకారం మారింది. ఇందిరమ్మ ఇంటి కాలంలో మేలు పార్టీ పేరుతో, ఊరి నాయకుడి చేతుల మీదుగా వచ్చేది. ఇప్పుడు డబ్బు నేరుగా ఖాతాలో పడుతోంది. మధ్యలో ఉండే కార్యకర్తకు చెయ్యడానికి పనిలేదు, చెప్పుకోవడానికి గౌరవం లేదు. 2024 ఆంధ్ర ఫలితం తర్వాత ఓడిన పార్టీ కార్యకర్తలే బాహాటంగా చెప్పిన బాధ ఇది. డబ్బు అందుకున్న ఓటరు కృతజ్ఞతతో ఉంటాడన్న లెక్క ఎప్పుడూ సగమే నిజం. తనను పలకరించారా, రోడ్డు వేశారా, పిల్లాడికి ఉద్యోగముందా అని కూడా చూస్తాడు.

151 నుంచి 11కి పడ్డ పార్టీ కథ ముగిసినట్టేనా?

సీట్లు చూస్తే అలా అనిపిస్తుంది. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతానికి పైగా ఓట్లొచ్చాయి. 2019లో 23 సీట్లకు పడ్డ తెలుగుదేశానికీ దాదాపు అంతే, ఐదేళ్లలో ఆ పార్టీ 135కు లేచింది. తెలంగాణలో బీఆర్ఎస్‌ది ఇంకాస్త క్లిష్టమైన స్థితి. 2023లో 37 శాతం ఓట్లతో ఓడిన పార్టీ, ఆరు నెలలు తిరక్కుండానే లోక్‌సభ ఎన్నికలో సున్నా సీట్లతో అందులో సగం కంటే తక్కువకు పడింది. పార్లమెంటు ఓటు, అసెంబ్లీ ఓటు వేరని ఆ పార్టీవాళ్లు అంటారు. అది కొంతవరకే నిజం.

ఏ పార్టీ ఓటరు తిరిగొస్తాడో ముందే తెలుసుకునే దారి ఉందా?

సర్వేల కంటే నేను నమ్మేది ఒకటుంది. ఓడిన తర్వాత వచ్చే ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికల్లో ఆ పార్టీకి గుర్తు మీద నిలబడే మనుషులు ఎన్ని ఊళ్లలో దొరికారో చూడండి. పోలింగ్ రోజున మీ బూత్‌లో ఆ పార్టీ ఏజెంటు పొద్దున మాక్ పోల్ నుంచి సాయంత్రం సీలు వేసేదాకా కూర్చున్నాడో లేదో చూడండి. ఆంధ్రలో 2014 తర్వాత కాంగ్రెస్ తరఫున ఆ కుర్చీ చాలా ఊళ్లలో ఖాళీగానే ఉంటోంది.

మా నాన్న ఇంకా పాత పార్టీయే, నేను కాదు. ఇంట్లో రోజూ గొడవ. ఏం చెయ్యను?

ఆయన ఓటు వెనక ఒక ఇంటి పట్టా ఉందో, ఒక నాయకుడు చేసిన సాయం ఉందో, ఎప్పుడో తిన్న పోలీసు దెబ్బలున్నాయో ముందు అడగండి. చాలామంది కొడుకులు, కూతుళ్లు ఇది అడగరు. అడిగాక మీ కారణం చెప్పండి. ఆయన ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, బూత్‌లో ఆ అట్ట చాటున ఎవరి వేలు వాళ్లదే.